నడుముకీ కత్తికీ మధ్య నాలుగు వేళ్ల తోలు

కత్తి గురించి మాట్లాడేవాళ్లంతా ఉక్కు గురించే మాట్లాడతారు. ఏ కొలిమిలో పుట్టింది, పదును ఎన్నాళ్లు నిలుస్తుంది, పిడి కొమ్ముతో చేశారా కర్రతో చేశారా అన్న దగ్గరే మాట తిరుగుతుంది. ఒర దాకా వచ్చేవాళ్లు కొద్దిమంది. ఆ ఒరను బెల్టుకు పట్టి ఉంచే నాలుగు వేళ్ల తోలు ముక్క గురించి ఆలోచించేవాళ్లు ఇంకా తక్కువ. రోజంతా కత్తిని మొలన పెట్టుకుని పనిచేసే మనిషికి మాత్రం ఆ ముక్కే ముఖ్యం. అది సరిగ్గా కుదిరితే కత్తి ఒంటి మీద ఉన్న సంగతే గుర్తుండదు. కుదరకపోతే ఎంత మంచి కత్తి అయినా నాలుగో రోజుకి అటకెక్కుతుంది.

నిలబడినప్పుడు ఏ ఒరైనా బాగానే ఉంటుంది. చిక్కంతా కూర్చున్నప్పుడే. బెల్టుకు బిగుతుగా కుట్టిన పొడవాటి ఒరతో కుర్చీలో కూర్చుంటే ఒర కొస కుర్చీకి తగులుతుంది, పిడి పైకి లేచి డొక్కలో పొడుస్తుంది. ముందుకు వంగితే కడుపులో గుచ్చుకుంటుంది. పరుగెత్తితే ఒర తొడను కొడుతూనే ఉంటుంది. ఇదంతా ఎందుకని మరీ వదులుగా వేలాడదీస్తే ఇంకో తంటా: కత్తి లాగబోతే ఒర కూడా వెంటే పైకి వచ్చేస్తుంది, రెండో చేత్తో పట్టుకోనిదే కత్తి ఊడదు. ఒర కదలకుండా ఉండాలి, ఒంటితో పాటు కదలాలి కూడా. ఈ రెండింటికీ రాజీ కుదిర్చేది ఆ తోలు ముక్కే. ఎవరు ఎలా రాజీ కుదుర్చుకున్నారన్నది వాళ్లు కట్టుకునే బట్ట, చేసే పని, కూర్చునే తీరు చూస్తే తెలుస్తుంది.

1991 సెప్టెంబర్ 19న ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో, ఆల్ప్స్ పర్వతాల మీద 3,210 మీటర్ల ఎత్తున ఇద్దరు జర్మన్ పర్యాటకులకు మంచులో ఒక శవం కనిపించింది. ఈమధ్య చనిపోయిన పర్వతారోహకుడెవరో అనుకున్నారు. తీరా పరీక్షిస్తే సుమారు 5,300 ఏళ్ల కిందటి మనిషి. ఓట్జీ అని పేరు పెట్టిన ఆ మనిషి దగ్గర రాగి గొడ్డలి, విల్లు, అమ్ములపొది దొరికాయి. పత్రికలన్నీ గొడ్డలి గురించి రాశాయి. వాటితో పాటే ఒక చిన్న బాకు కూడా ఉంది. పిడితో కలిపి 13 సెంటీమీటర్లు. చెకుముకి రాతి అలుగు, యాష్ చెట్టు కర్రతో చేసిన పిడి. దానికి 12 సెంటీమీటర్ల ముక్కోణపు ఒర ఉంది. ఒర మొత్తం చెట్టు నారతో అల్లిందే. దాని పక్కన మాత్రం చిన్న తోలు కన్ను ఉంది. ఒరను బెల్టుకు తగిలించుకోవడానికే దాన్ని పెట్టి ఉంటారని ఆ వస్తువులను భద్రపరిచిన బొల్జానోలోని దక్షిణ టైరోల్ పురావస్తు మ్యూజియం చెబుతోంది.

గమనించాల్సిందల్లా ఇదే. అలుగు దాగే చోట నార సరిపోయింది. లాగుడు, రాపిడి, బరువు పడే చోట మాత్రం తోలు వాడారు. ఇనుము, కంచు ఇంకా ఆ కొండలకు చేరని రోజుల్లోనే ఈ లెక్క తేలిపోయింది. ఇవాళ్టి ఒరల్లోనూ అదే లెక్క. ఒర ప్లాస్టిక్‌తో చేసినా, కర్రతో చేసినా, బెల్టును పట్టుకునే చోట తోలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అయితే ప్రపంచమంతా బెల్టు కట్టుకోలేదు. మన దేశంలో నడుముకు ఎక్కువగా కట్టింది బట్ట. మొఘల్ సూక్ష్మచిత్రాల్లో పాదుషాలు, సర్దార్లు పట్కా అనే నడికట్టులో బాకును దోపుకుని కనిపిస్తారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి చూసినవాళ్లు వాటి పిడుల పనితనానికే ముగ్ధులవుతారు. అలాంటివి మోసింది చాలావరకు నాలుగు చుట్లు చుట్టిన గుడ్డే. దక్షిణాది ఊళ్లలో కనిపించే వీరగల్లుల మీద యోధుల మొలలోనూ బాకు దోపుకున్నట్టే చెక్కారు. గుడ్డ మెత్తన, ఒరను చుట్టూ ఒత్తి పట్టుకుంటుంది. వేరే పట్టీ అక్కర్లేదు. కూర్చుంటే గుడ్డ సర్దుకుంటుంది, దాంతో పాటు బాకూ సర్దుకుంటుంది. కర్ణాటకలోని కొడవలు పీచెకత్తిని ఇప్పటికీ చేలె అనే పట్టు నడికట్టులోనే ముందువైపు దోపుకుంటారు. బరువైన ఓడికత్తికి మాత్రం గుడ్డ చాలదు కనుక నడుము వెనక ఇత్తడి కొక్కెం లాంటి తొడంగ్ పెట్టుకుంటారు.

తోలు బెల్టు సంగతి వేరు. అది సన్నగా, గట్టిగా, నున్నగా ఉంటుంది. దాంట్లో ఏదీ దోపుకోవడం కుదరదు, జారిపోతుంది. అందుకే బెల్టు కట్టిన దేశాల్లోనే ఒరకు రకరకాల పట్టీలు, వారులు, కన్నాలు, గుండీలు పుట్టాయి.

మధ్యయుగపు లండన్‌లో ఈ పని ఎలా జరిగేదో చూపించింది థేమ్స్ నది బురద. నది ఒడ్డును ముందుకు జరుపుతూ కర్ర గోడలు కట్టి, వాటి వెనక నగరం చెత్తంతా పోసి పూడ్చేవాళ్లు. నీళ్లు నిండిన ఆ మట్టిలోకి గాలి చొరలేదు కాబట్టి తోలు కుళ్లలేదు. 20వ శతాబ్దం చివర్లో ఆ ఒడ్డున తవ్వకాలు జరిపినప్పుడు చెప్పులు, బూట్లతో పాటు కత్తి ఒరలు బయటపడ్డాయి. లండన్ మ్యూజియం వాటన్నిటినీ వర్గీకరించి 1987లో ఒక పుస్తకంగా తెచ్చింది. ఒక్క తోలు ముక్కను మడిచి, అంచులు కలిపి కుట్టిన ఒరలే ఎక్కువ. ముందువైపు తీగలు, జంతువులు, వంశ చిహ్నాలు ఒత్తి ఉంటాయి. మూతి దగ్గర సన్నని చీలికలు కనిపిస్తాయి. ఆ చీలికల్లోంచి తోలు వారు దూర్చి, బెల్టు మీదుగా తిప్పి ముడి వేసేవాళ్లు. అంతే, లోహపు ముక్క ఒక్కటీ అక్కర్లేదు. చాలా ఒరల్లో కుట్టు రంధ్రాలు వరసగా మిగిలాయి కానీ దారం మిగల్లేదు. నార దారాన్ని తడి మట్టి తినేసింది, తోలును వదిలేసింది.

ఇన్ని ఒరలు ఎందుకున్నాయంటే, ఆ రోజుల్లో తినే కత్తి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. విందుకు పిలిచిన ఇంట్లో పళ్లెం పెడతారు, రొట్టె పెడతారు. మాంసం కోసుకునే కత్తి అతిథి నడుముకే ఉండాలి. ఆడవాళ్ల బెల్టుకు తాళాలతో పాటు, డబ్బుల సంచితో పాటు చిన్న కత్తి వేలాడేది. ఇంగ్లండ్‌లో ఫోర్కు వాడకం 17వ శతాబ్దం దాకా పెద్దగా లేదు. తర్వాత ఇంటివాళ్లే బల్ల మీద కత్తులు సర్దడం మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లో 14వ లూయీ 1669లో మొనదేలిన కత్తులను నిషేధించాడు. బల్ల మీదికి మొండి కత్తి వచ్చాక మొల మీది కత్తి ఇంటి దారి పట్టింది. దాంతో ఒరలు కుట్టేవాళ్ల చేతిలో పని తగ్గింది.

ఆ కుట్టేవాళ్ల గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. లండన్‌లో కత్తి ఒక్కరి చేతిలో తయారయ్యేది కాదు. అలుగు కొట్టేవాళ్లు వేరు, పిడి బిగించేవాళ్లు వేరు, ఒర కుట్టేవాళ్లు వేరు. వీళ్లందరి పనినీ కలిపి, కత్తిగా కూర్చి అమ్మేవాళ్లు కట్లర్లు. 1416లో ఐదో హెన్రీ రాజు నుంచి అధికార పత్రం పొందింది కట్లర్ల సంఘమే. చాలా అలుగుల మీద కమ్మరి ముద్ర ఉంటుంది. ఒరను ఎవరు కుట్టారో చెప్పే గుర్తు మాత్రం దాదాపు కనిపించదు.

పొడవాటి కత్తికి మరో దారి వెతికినవాళ్లూ ఉన్నారు. ఆంగ్లో శాక్సన్లు వాడిన సాక్స్ అనే కత్తిని నిలువుగా కాకుండా బెల్టుకు సమాంతరంగా, అడ్డంగా తగిలించుకునేవాళ్లు. ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లో మిడిల్టన్ ఊరి చర్చిలో ఉన్న 10వ శతాబ్దపు రాతి శిలువ మీద ఒక యోధుడి నడుముకు సరిగ్గా అలాగే అడ్డంగా చెక్కిన కత్తి కనిపిస్తుంది. అడ్డంగా ఉంచాలంటే ఒరకు ఒక్క చోట కట్టు చాలదు, మూతి దగ్గర ఒకటి, నడిమధ్య ఒకటి కావాలి. శ్రమ ఎక్కువే, కానీ తొడకు తగలదు, కూర్చుంటే అడ్డురాదు. ఇప్పటి అడవి విహారాలకు వెళ్లేవాళ్లు నడుము వెనక అడ్డంగా కట్టుకునే చిన్న ఒరలదీ ఇదే పద్ధతి.

ఈ విషయంలో అందరికంటే ముందుకు వెళ్లినవాళ్లు ఫిన్లండ్‌వాళ్లని ఒప్పుకోవాలి. అక్కడ నడుము కత్తి ఇంటింటి పనిముట్టు. చేపను శుభ్రం చేయడానికీ, కర్ర చెక్కడానికీ, తాడు కోయడానికీ అదే. ఫిన్లండ్ ఒర లోపల అలుగు ఆకారానికి తొలిచిన సన్నని కర్ర ముక్క ఉంటుంది. దాని మీద తడి తోలు లాగి తొడిగి, వెనకవైపు నిలువునా కుడతారు. ఆరేటప్పుడు తోలు కుంచించుకుని కర్రనూ, పిడి కింది భాగాన్నీ గట్టిగా పట్టేస్తుంది. ఆ ఒరలో కత్తి పిడి సగానికి పైగా లోపలే ఉంటుంది. కాబట్టి పైన గుండీ పట్టీ అక్కర్లేదు; తలకిందులు చేసినా కత్తి జారదు. ఒర అంచు మీద బొటనవేలు ఆనించి నెడితే చాలు, పట్టు వదులుతుంది.

పట్టు ఒరలోనే ఉంది కాబట్టి బెల్టు దగ్గర ఎంత వదులైనా ఇవ్వొచ్చు. ఫిన్లండ్ ఒర సన్నని తోలు ఉంగరానికో, పేనిన వారుకో స్వేచ్ఛగా వేలాడుతుంది. మనిషి కూర్చుంటే ఒర పక్కకు ఒరుగుతుంది, పడవలో వంగితే వంగుతుంది, మంచు మీద జారుతూ వెళ్తే ఊగుతుంది. కూర్చునే చిక్కుకు ఇంతకంటే చక్కని పరిష్కారం మరొకటి లేదు. దక్షిణ ఆస్ట్రోబోత్నియా ప్రాంతంలో పండగ పూట కట్టుకునే బెల్టుల మీద ఇత్తడి బిళ్లలు వరసగా బిగించి, వాటికి ఒకే ఒరలో పెద్దదీ చిన్నదీ రెండు కత్తులు పెట్టి వేలాడదీసేవాళ్లు. ఆ ప్రాంతంలోని కౌహావా ఊరు కత్తులకు పెట్టింది పేరు. ఉత్తరాన రోవానియెమిలో 1928లో మొదలైన మార్టీనీ కంపెనీ ఇప్పటికీ తోలు ఒరతోనే చాలా కత్తులు అమ్ముతోంది.

ఇంకా ఉత్తరాన, రెయిన్‌డీర్ మందలు మేపుకునే సామీ ప్రజలు మరో మార్పు చేశారు. వాళ్ల ఒరలో పైసగం తోలు, కింది సగం రెయిన్‌డీర్ కొమ్ము. మంచు మీద కాలు జారి పడినప్పుడు మొన ఒరను చీల్చుకుని కాలిలో దిగకుండా కొమ్ము కాపాడుతుంది. అడుగున చిన్న సందు వదిలి, లోపల చేరిన మంచు కరిగి నీరైతే బయటికి పోయేలా చేస్తారు. పక్కనే స్వీడన్‌లో వడ్రంగులు, తాపీపనివాళ్లు వేసుకునే పని ప్యాంటుకు ఒక గుండీ ఉంటుంది. అక్కడి మోరా కత్తుల ప్లాస్టిక్ ఒరకు దానికి తగిన రంధ్రం ఉంటుంది. గుండీకి తగిలిస్తే చాలు, బెల్టు విప్పే పనే లేదు.

తెలుగు ఊళ్లలో ఒరతో ఉన్న కత్తిని నడుముకు చూసినవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది గూర్ఖానే. రాత్రిళ్లు ఈల వేస్తూ, కర్రతో నేల తడుతూ వీధులు తిరిగే నేపాలీ కాపలాదారు మొలన ఖుక్రీ ఉండేది. ఆ ఖుక్రీ ఒర పనితనం తీరిగ్గా చూడదగ్గది. రెండు కర్ర చెక్కలను అలుగు వంపుకు సరిపోయేలా తొలిచి కలిపి, మీద గేదె తోలు తొడిగి వెనక కుడతారు. కొసకు లోహపు తొడుగు. ఒర వెనక రెండు చిన్న అరల్లో రెండు చిన్న పనిముట్లు: ఒకటి చిన్న కోతలకు వాడే కర్దా, రెండోది పదును సరిచేయడానికి, చెకుముకి రాయి కొట్టి నిప్పు పుట్టించడానికి వాడే చక్మక్.

నేపాల్ కొండల్లో రైతు దీన్ని పటుకా అనే నడికట్టులో దోపుకుంటాడు, మన పాత పద్ధతే. సైన్యంలోకి వెళ్లాక బెల్టు వచ్చింది. 1815లో ఈస్టిండియా కంపెనీ గూర్ఖాలను సైన్యంలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. 1947లో పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు భారత్‌కు, నాలుగు బ్రిటన్‌కు వెళ్లాయి. బెల్టు కట్టిన సైనికుడికి ఖుక్రీ తగిలించడానికి వాడింది ఫ్రాగ్ అనే తోలు తొడుగు. అది ఒర పైభాగం చుట్టూ చుట్టుకుంటుంది, ముందో వెనకో తోలు తాడుతో బూటు లేసులా అల్లి బిగిస్తారు. వెనక బెల్టు దూరేందుకు రెండు ఉచ్చులు. ఒరను కోయనక్కర్లేదు, మేకు కొట్టనక్కర్లేదు. ఫ్రాగ్ పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. పాతకాలపు కత్తిని కొత్తకాలపు బెల్టుకు ఇంత తేలిగ్గా కలిపిన తోలు పని అరుదు.

ఖుక్రీ దూసేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. అలుగు వంపు వల్ల పదును ఒర లోపలి అంచుకు రాసుకుంటూ వస్తుంది. ఒరను పిడికిలితో చుట్టి పట్టుకుంటే, పాతబడి పల్చనైన కుట్టును పదును చీల్చి వేళ్లు తెగే ప్రమాదముంది. వేళ్లు పదునువైపు రాకుండా ఒర వీపు భాగాన్ని పట్టుకోవాలి.

నేపాల్‌లో అలుగు కొట్టేది కామీలు, ఒర తోలు కుట్టేది సార్కీలు. ఈ రెండు కులాలనూ సమాజం అంటరానివాళ్లని దూరం పెట్టింది. 1963లో కొత్త చట్టం వచ్చాక గానీ కుల వివక్షకు చట్టం అండ పోలేదు. గూర్ఖా సైనికుడి పరాక్రమం పుస్తకాలకెక్కింది, కత్తి చేసిన ఊరు భోజ్‌పూర్‌కు పేరొచ్చింది. అతని నడుము మీద ఆ కత్తిని నిలబెట్టిన సార్కీ గురించి రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. తెలుగు నేల మీద చరిత్ర వేరేగా ఏమీ లేదు. మోట బొక్కెన, చెప్పులు, డప్పు, కాడికి పట్టెడ, అన్నీ మాదిగల చేతుల మీదుగానే వచ్చాయి. పంట పండాలంటే ఆ తోలు కావాలి, కుట్టిన మనిషి మాత్రం ఊరి బయటే ఉండాలన్నారు. ఇది చిన్న అన్యాయం కాదు.

ఒరకు పనికొచ్చే తోలు ఏదన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ చేతుల్లోనే ఉంది. లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, చెట్టు బెరడు వేసి ఊనిన తోలుకు ఒక గుణముంది: తడిపితే మెత్తబడి చెప్పిన ఆకారానికి ఒదుగుతుంది, ఆరితే ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. క్రోమియం లవణాలతో ఊనిన తోలు మెత్తగా, రంగు రంగులుగా ఉంటుంది, బ్యాగులకు, బూట్లకు బాగుంటుంది. కానీ ఆకారం నిలుపుకోదు, అందులోని లవణాలు ఉక్కు మీద మచ్చలు పడేలా చేస్తాయన్న భయం కూడా ఉంది. అందుకే మంచి ఒర కుట్టేవాళ్లు ప్రపంచంలో ఎక్కడైనా బెరడుతో ఊనిన తోలే అడుగుతారు. మన దగ్గర ఆ పనికి వాడింది తంగేడు చెక్క, కరక్కాయ. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా అందరూ గుర్తుపడతారు. ఆ చెట్టు బెరడు మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్లను ప్రపంచ బజారుకు పంపింది. ఈస్టిండియా కిప్స్ పేరుతో ఎగుమతైన ఆ తోళ్లను మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు వాడారు. అదే యుద్ధంలో నేత బెల్టులు చాలినన్ని దొరక్క బ్రిటన్ 1914లో తోలు బెల్టు, తోలు ఫ్రాగ్‌లతో కొత్త సామగ్రి తయారు చేయించుకుంది. తుపాకీ మొనకు బిగించే బాయొనెట్ ఒర మీద చిన్న లోహపు గుబ్బ ఉంటుంది. ఫ్రాగ్‌లోని రంధ్రంలో ఆ గుబ్బ కూర్చుంటే ఒర పైకి రాదు.

ఇప్పుడు పనిబల్ల దగ్గరికి వెళ్దాం. నాలుగు అంగుళాల అలుగున్న తోట కత్తికి ఒర కుట్టాలి. తోలు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే సరి. అంతకంటే పల్చనైతే మొన పొడుచుకొస్తుంది, మరీ మందమైతే మడత పడదు. ముందు కొలవాల్సింది కత్తిని కాదు, బెల్టును. మగవాళ్ల పని బెల్టు చాలావరకు 38 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే ఒకటిన్నర అంగుళం. దానికి రెండు మూడు మిల్లీమీటర్లు కలిపి ఉచ్చు లోపలి కొలత తీసుకోవాలి. ఉచ్చు మరీ పెద్దదైతే ఒర నడిచినప్పుడల్లా ముందుకీ వెనక్కీ తూగుతుంది. బొత్తిగా సరిపోయేలా కుడితే బెల్టు మీద రోజూ ఎక్కించడం గోల.

ఒర వెనక ముక్కను పైకి పొడవుగా వదిలి, ఆ వదిలిన పట్టీని వెనక్కి మడిచి కిందికి దించి కుడితే అదే ఉచ్చు అవుతుంది. వేరే ముక్క అతికించనవసరం లేదు, అతుకు లేని చోట తెగేదీ లేదు. ఈ కుట్టు ఒర మూయకముందే వేసేయాలి. ముందు వెనక ముక్కలు కలిపి కుట్టేశాక లోపలికి సూది తిప్పడం ఎవరి తరమూ కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. లోపలివైపు వచ్చే కుట్టు అలుగుకు రాసుకోకుండా తోలులో సన్నని గాడి తీసి, దారం అందులో మునిగేలా కుడతారు. కుట్టు బదులు రివెట్లు కొడితే వాటి లోపలి తల మీద పల్చని తోలు అతికించాలి. లేకపోతే కత్తి పెట్టిన ప్రతిసారీ అలుగు మీద గీత పడుతుంది.

ముందు వెనక ముక్కల మధ్య అంచు పొడుగునా ఒక తోలు పట్టీ పెట్టి కలిపి కుడతారు. కత్తి పదును మొదట తగిలేది ఆ పట్టీకే, దారానికి కాదు. ఆ పట్టీ లేని ఒర కొన్నాళ్లకు లోపల దారం తెగి నోరు విప్పుతుంది. కుట్టే దారం ఒకటే, సూదులు రెండు. ఆరెతో రంధ్రం చేసి, అదే రంధ్రంలోంచి రెండు సూదులనూ ఎదురెదురుగా దూర్చి లాగుతారు. చెప్పులు కుట్టేవాళ్లకూ, గుర్రపు జీనులు కుట్టేవాళ్లకూ చిరకాలంగా తెలిసిన కుట్టు ఇది. ఎక్కడైనా ఒక దారం తెగినా ఎదుటి దారం పట్టి ఉంచుతుంది. మెషిన్ కుట్టు ఒక చోట తెగితే వరసగా ఊడిపోతుంది. మైనం పట్టించిన నార దారంతో, మూడు నాలుగు మిల్లీమీటర్లకు ఒక కుట్టు చొప్పున చేతితో కుట్టిన ఒర ఒక మనిషి జీవితకాలం నిలుస్తుంది.

కుట్టాక ఒరను గోరువెచ్చని నీటిలో తడిపి, కత్తికి పల్చని ప్లాస్టిక్ చుట్టి లోపల పెట్టి, బొటనవేళ్లతో పిడి మెడ దగ్గర నొక్కుతూ ఆకారం తెప్పిస్తారు. ఆరడానికి ఒక రోజు. ఎండలో పెట్టకూడదు, పొయ్యి దగ్గర అసలే పెట్టకూడదు. వేడికి తోలు పెళుసవుతుంది. ఎక్కువగా కూర్చుని పనిచేసేవాళ్లు ఉచ్చుకు, ఒరకు మధ్య ఒక లోహపు వలయం పెట్టించుకుంటే ఫిన్లండ్ ఒర లాగే పక్కకు ఒరుగుతుంది. నిలబడి, నడిచి పనిచేసేవాళ్లకు బిగుతు ఉచ్చే మేలు. ఎడమచేతి వాటం మనిషికి మొత్తం తిరగేసి కుట్టాలి. ఈ మాట ముందే చెప్పకపోతే పని వృథా.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి నడుము చూస్తే ఈ కొలతలన్నీ ఎందుకో అర్థమవుతుంది. ఎక్కుతున్నంతసేపూ రెండు చేతులూ మోకు మీదే ఉండాలి. మొలన ఉన్న గీతకత్తి జారకూడదు, కాలికి తగలకూడదు, పైకెళ్లాక ఒక్క చేత్తో తీయగానే రావాలి. ఆ ఎత్తున ఇందులో ఏది తప్పినా ప్రాణం మీదికే వస్తుంది. భద్రత కోసం తాళ్లు, కిట్లు ఇస్తున్న ప్రభుత్వాలు కత్తి ఒర గురించీ ఆలోచించాలి.

కత్తిని నడుముకు కట్టుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చా అంటే, వెళ్లకూడదు. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమావళి 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు అలుగున్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చింది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఇచ్చింది. సిక్కులు కృపాణం ధరించడాన్ని రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. ఫిన్లండ్‌లో సైతం పని లేకుండా బహిరంగ స్థలాల్లో కత్తి వెంట ఉంచుకోవడం నిషేధం. కాబట్టి పొలంలో, తోటలో, చేపల చెరువు దగ్గర నడుముకు ఉన్న కత్తి అక్కడి పని ముగియగానే ఇంటికి చేరాలి, బస్టాండుకూ బజారుకూ రాకూడదు.

ఇంటికి చేరాక కూడా దాన్ని ఒరలోనే వదిలేయకండి. తోలు గాలిలోని తడి పీలుస్తుంది, ఊనేటప్పుడు పట్టిన ఆమ్లం ఉక్కును తుప్పు పట్టిస్తుంది. వానాకాలంలో అయితే వారం చాలు. తుడిచి, కొంచెం నూనె రాసి, కత్తిని వేరుగా, ఒరను వేరుగా ఉంచండి. కొత్త ఒర కావాలంటే ఆన్‌లైన్‌లో వెతికే ముందు మీ ఊళ్లో చెప్పులు కుట్టే మనిషి దగ్గరికి కత్తి, బెల్టు రెండూ తీసుకుని వెళ్లండి. ఏ చేతి వాటమో, ఎక్కువసేపు కూర్చుని పనిచేస్తారో నిలబడో చెప్పండి. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.